చింతగింజల ధర

తాలూకా కచేరీలో ధరల గుమాస్తాగా చేరిన నాటి నుంచి శాంతయ్య ఒక్క మంగళవారం కూడా చింతమానుదొడ్డి సంత తప్పలేదు. ఆ ఊరు అతను ఉండే కోడుమూరుకు ఎనిమిది మైళ్లు. ఎర్ర కంకర బాట. పొద్దున్నే సైకిలెక్కితే సంత నిండే వేళకు చేరేవాడు. చేతిసంచీలో అచ్చు ఫారం, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు ఉండేవి. ఫారంలో పదిహేడు సరుకులు. జొన్నలు, కొర్రలు, సజ్జలతో మొదలై ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు, ముతక గుడ్డ దాకా. ఒక్కో సరుకుకు ముగ్గురు అంగడివాళ్లను అడిగి, నడిమి ధర చూసి గడిలో రాయాలి. అదే అతని ఉద్యోగం.

శాంతయ్యది రాయచోటి. తండ్రి అక్కడి గుడి ముందర విభూతి ఉండలు అమ్మి కొడుకును ఇంటరు దాకా చదివించాడు. అంకెలంటే శాంతయ్యకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మనుషులు మాట మారుస్తారు గానీ అంకె మార్చదని అతని నమ్మకం. వారం వారం తెచ్చిన జొన్నల ధరను గళ్ల కాగితం మీద చుక్కపెట్టి, చుక్కలను గీతతో కలిపి, ఆ కాగితాన్ని తహశీల్దారు గది గోడకు అంటించాడు. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. చేశాక మాత్రం తహశీల్దారు దాన్నే చూసేవాడు.

అది యాభై ఒకటో సంవత్సరం. వానలు మొహం చాటేయడం వరుసగా మూడో ఏడు. తొలకరికి వేసిన ముంగారు పైరు మోకాలెత్తు కూడా రాకుండా ఎండింది. వెనక పంట హింగారుకు విత్తనమే పడలేదు. అయినా గోడ మీది గీత తీగలాగి కట్టినట్టు సమంగా ఉంది. పడి జొన్నలు ఎనిమిదణాలు. ఆషాఢంలో అంతే, కార్తీకంలో అంతే.

"చూశావా శాంతయ్యా," అన్నాడు తహశీల్దారు ఒకనాడు కళ్లద్దాలు పైకి తోసుకుంటూ. ఆయనది నెల్లూరు వైపు. ఖచ్చితమైన మనిషి, లంచం ముట్టనివాడు. "కరువు కరువని అర్జీలు కట్టలు కట్టలుగా వస్తున్నాయి. ధర మామూలు మీద మూడోవంతు పెరిగితే కరువు పనులు తెరిపించమని నేను పైకి రాయగలను. ఇక్కడ అణా కూడా పెరగలేదు. జనం ఎలాగో తట్టుకుంటున్నారన్నమాట."

తన గీతను అంత పెద్ద మనిషి నమ్మినందుకు శాంతయ్యకు ఆ పూటంతా సంతోషంగానే ఉండింది.

తరువాతి మంగళవారం సంతలో ధరలన్నీ రాసుకుని, ఎప్పటిలాగే ఖాసిం సాహెబ్ దగ్గర కూర్చున్నాడు. ఖాసిం సాహెబ్ గిన్నెలకు కళాయి వేసేవాడు. యాభై దాటిన మనిషి. సంత చివర నాలుగు గుంజలు పాతి, పైన గోనెపట్టలు కప్పి, కింద గుంటలో బొగ్గులు, పక్కన నిప్పు ఊదే తోలుతిత్తి పెట్టుకుని ఇరవై రెండేండ్లుగా అదే తావులో కూర్చుంటున్నాడు. ఆ రోజు గుంటలో నిప్పు లేదు.

"ఏమి సాబూ, ఈ పొద్దు పని లేదా?"

"ఈ పొద్దేమి, నెల నుంచి అంతే. పోయిన వారం ఒగ గిన్నె. ఆ ముందు వారం తిత్తే విప్పలేదు."

"ఏంటికట్ల? జొన్నల ధర ఏమీ పెరగలేదే. ఎనిమిదణాల కాడనే ఉండాది."

ఖాసిం సాహెబ్ అతని చేతిలోని ఫారం వైపు చూశాడు. "ధర రాసుకుంటాండావు, సరే. ఎన్ని మూటలు పోయినాయో రాసుకుంటాండావా?"

"ఆ గడి దీంట్లో లేదు."

"గడి లేకపోతే పాయె. నోరుండాది గదప్పా, అడిగి చూడు."

అని వెనక్కి తిరిగి ఒక గోనెపట్ట తొలగించాడు. దాని కింద ఇత్తడి సామాను గుట్టగా పోసి ఉంది. బిందెలు, తపేలాలు, తాంబాళాలు, ఒక పెద్ద గంగాళం.

"ఇన్ని కళాయికి వచ్చినాయే!" అన్నాడు శాంతయ్య.

"కళాయికి గాదు, అణగ్గొట్టేదానికి. ఆదోని వ్యాపారస్తుడు తూకానికి కొన్నాడు. బండిలో శానా పట్టాలంటే చదును చేయాల గదా. బిందెకు అణా ఇస్తా అన్నాడు." ఖాసిం సాహెబ్ ఒక తపేలా తీసి లోపలి భాగం చూపించాడు. పూత ఇంకా తెల్లగా మెరుస్తోంది. "ఇది పోయినేడు ఉగాదికి నేనే పూసినా. నా సుత్తి ఇంతవరకు సొట్టలు తీసింది. ఇప్పుడు ఇదే సుత్తితో సొట్టలు పెట్టమంటాండారు. రెండు దినాల నుంచి ముందర పెట్టుకొని కూర్చున్నా. చెయ్యి రాలేదు."

శాంతయ్య ఒక బిందె అందుకున్నాడు. అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. నాగలక్ష్మమ్మ. పక్కదాని మీద ఇంకో పేరు. పెండ్లికి పుట్టింటివాళ్లు పేరు కొట్టించి ఇచ్చిన బిందెలు అవి. ఆ పేర్లు చూశాక అతనికి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి నేరుగా పెద్దన్నశెట్టి గింజల అంగడికి పోయాడు.

"మళ్లీ వచ్చినావే? ధర చెప్తి గదా," అన్నాడు శెట్టి.

"ధర కాదు శెట్టీ. ఈ పొద్దు ఎన్ని మూటలు అమ్మినావు?"

శెట్టి అతన్ని అనుమానంగా చూశాడు. పన్ను కోసం కాదని శాంతయ్య ఒట్టుపెట్టుకున్నాక చెప్పాడు. "రెండేండ్ల కింద సంతకు ఇరవై మూటలు దించితే పొద్దు గుంకే లోపల వట్టి గోతాలు మడుచుకొని పోతాంటి. ఈ పొద్దు ఐదు దించినా. మూడు మిగిలేటట్టు ఉండాయి."

"అయితే ధర కొంచెం దించొచ్చు గదా?"

"నేను కొన్నదే ఏడణాలకప్పా. బండి బాడుగ ఎవరిస్తారు? దించితే నేను మునుగుతా. పెంచుదామా అంటే కొనే నాథుడు లేడు. అందుకే అట్లే ఉండాది. పొలంలో పని లేదు, కూలి లేదు. కూలి లేకుంటే దుడ్లు యాడ్నుంచి వస్తాయి? దుడ్లు లేనోనికి ఎనిమిదణాలైనా ఒగటే, ఎనిమిది రూపాయలైనా ఒగటే."

శాంతయ్య సైకిలు పట్టుకుని కాసేపు ఎండలోనే నిలబడ్డాడు. ధర కదలకపోతే జనం కడుపుకు లోటు లేదని అతను లెక్కవేసుకున్నాడు. తహశీల్దారుతో లెక్క వేయించాడు కూడా. కొనేవాళ్లు లేక కదలలేదన్న మాట అతనికి ఒక్కనాడూ తోచలేదు. నాలుగు నెలలుగా గీస్తూ వచ్చిన ఆ సమమైన గీత ఎదుట కనిపించినట్టై మొహం వేడెక్కింది.

ఆ వేళ నుంచి ఫారం వెనకవైపు ఇంకో పట్టిక మొదలుపెట్టాడు. ఎన్ని మూటల జొన్నలు అమ్ముడైనాయి. ఎన్ని కాడెద్దులు సంతకు వచ్చినాయి, జత ఎంతకు పోయింది. ఇత్తడి శేరు ఎంత. మూడు వారాలు తిరిగేసరికి ఆ వెనకవైపు పట్టిక ముందువైపు దానికి పూర్తిగా ఎదురు తిరిగింది. మూడొందలు పలికిన ఎద్దుల జత తొంభైకి వచ్చింది. రూపాయిన్నరకు పోయే పాత ఇత్తడి పన్నెండణాలైంది. అమ్మేవాళ్లే అందరూ.

మూడో వారం అతను చింతగింజలు చూశాడు. సుంకులమ్మ అనే ముసలామె చింతపండు కుప్ప పక్కన గింజలు కుప్పపోసి అమ్ముతోంది. ఆ గింజలను కంబళ్లు నేసేవాళ్లు గంజి కాచేదానికి ఊరికే ఎత్తుకుపోయేవాళ్లు. వాటికి ధర ఉండటం శాంతయ్య ఎన్నడూ వినలేదు.

"శేరు ఎంతవ్వా?"

"అణా. పోయిన వారం అర్ధణా."

"ఎవరు కొంటాండారు?"

"అందరూ. అడిగితే గొడ్లకంటారు." సుంకులమ్మ గొంతు తగ్గించింది. "గొడ్లు యాడుండాయి నాయనా? అన్నీ ఈ సంతలోనే అమ్ముడుపోయె గదా."

ఆ మాట ముగియకముందే ఒక నడివయసు ఆమె వచ్చి చెంగు పట్టింది. ఉతికిన చీర, నుదుట ఇంత బొట్టు. నడుము దగ్గరి మడత విప్పి దుడ్లు తీసి ఇచ్చింది. సుంకులమ్మ మూడు శేర్లు కొలిచి పోస్తూ, "నాగలక్ష్మమ్మా, చెంగు గట్టిగా పట్టు, కారిపోతాండాయి," అంది. బిందె మీది పేరు శాంతయ్యకు గుర్తొచ్చింది. కొంచెం దూరం ఇచ్చి ఆమె వెనకనే నడిచి, ఇంటి వాకిట్లో ఆగి పిలిచాడు.

అది రాతి గోడల మిద్దె. బాగా బతికిన ఇల్లని చూస్తేనే తెలుస్తుంది. భర్త హనుమన్న తుంగభద్ర కట్ట పనికి హొస్పేట పోయి మూడు నెలలైంది. ఇంట్లో నాగలక్ష్మమ్మ, మంచం మీద ముసలి అత్త మాత్రమే ఉన్నారు. శాంతయ్య తానెవరో చెప్పుకుని, గడప దాటకుండా అరుగు మీదనే కూర్చున్నాడు.

"దినానికి ఎన్ని పడుల జొన్నలు వండుతారమ్మా?"

"పడి," అని ఆమె వెంటనే అంది. "రెండు పూటలా సంగటి."

శాంతయ్య రాసుకున్నాడు. లోపల మంచం మీది అత్త తల ఎత్తింది. "జొన్నలు వచ్చినాయా నాగమ్మా? యాడివే?"

కోడలు పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద మట్టికుండలో ఏదో ఉడుకుతోంది. గోడకు ఎత్తుగా ఉన్న అటక మీద ఇత్తడి సామాను పెట్టే చోట గుండ్రటి గుర్తులు వరసగా కనిపిస్తున్నాయి. చుట్టూ దుమ్ము, నడుమ శుభ్రమైన చెక్క.

"ఆ రాసింది కొట్టెయ్," అంది నాగలక్ష్మమ్మ. "గింజలు నానేసి, పొట్టు తీసి, ఉడకబెట్టి, రోట్లో దంచి ముద్ద చేస్తాం. పండినంత కాలం ఊర్లో సగం మందికి ఈ అరుగు మీదనే కూడు పెట్టినోళ్లం. మాకు పదైదెకరాల చేను ఉండాది, దాంట్లో గడ్డి గూడా లేదు. ఇది బయటికి తెలిస్తే నా మొగుడు మళ్లీ ఈ ఊర్లో తలెత్తుకోలేడు. ఎవరికీ చెప్పొద్దప్పా."

"చెప్పనమ్మా," అన్నాడు శాంతయ్య. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

మరునాడు కచేరీలో పేర్లేమీ రాయకుండా వెనకవైపు పట్టికను శుభ్రంగా ఎత్తిరాసి తహశీల్దారు ముందు పెట్టాడు. ఆయన ఆసాంతం చదివాడు.

"చింతగింజలు ఎన్నో నంబరు సరుకు?"

"ఫారంలో లేదు సార్."

"లేనిదాన్ని నేనెలా పంపను? పాత గిన్నెల ధర తగ్గిందని కరువు పనులు అడగమంటావా? వ్యాపారి మోసం చేసి ఉండొచ్చు. ఎద్దులకు మేత లేక అమ్ముతారు, అది ప్రతి ఏడూ ఉండేదే." కాగితం మడిచి తిరిగి చాపాడు. "నీకు అప్పగించింది పదిహేడు సరుకులు. అవి సరిగ్గా రాయి."

శాంతయ్య కాగితం తీసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, ఆ గోడ మీది గీత నేను గీసిందే. దాన్ని చూసే మీరు జనం తట్టుకుంటున్నారన్నారు. అది తప్పు సార్. ఒక్క మంగళవారం మీరే సంతకు వచ్చి చూడండి. నేను చెప్పింది అబద్ధమైతే ఈ ఉద్యోగం నాకొద్దు."

తహశీల్దారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. ఉద్యోగం గురించి గుమాస్తాలు అంత తేలిగ్గా మాట్లాడరని ఆయనకు తెలుసు. "వస్తాను," అన్నాడు.

వచ్చాడు. జీపు దిగేసరికి సంతంతా ఆయన వెనక చేరింది. ముందు పెద్దన్నశెట్టి అంగడిలో మూటలు లెక్కపెట్టించాడు. ఎద్దుల తావుకు పోయి బేరం విన్నాడు. సుంకులమ్మ గింజలు చేతిలోకి తీసుకుని చూసి కింద పోశాడు. ఆఖరున ఖాసిం సాహెబ్ పందిరి కిందికి వచ్చాడు. ఆదోని వ్యాపారి కొన్న సామాను అప్పటికి రెండింతలైంది. ఖాసిం సాహెబ్ వాటిలో ఒక్కదాన్ని కూడా ఇంకా అణగ్గొట్టలేదు.

"ఇవన్నీ కూలివాళ్ల ఇండ్లవేనా?" అని తహశీల్దారు అడిగాడు. "కూలివాళ్లు పని లేని నెలల్లో గిన్నెలు కుదువపెట్టడం మామూలే."

"ఎవరివో వాటి మీదనే ఉండాది దొరా," అన్నాడు ఖాసిం సాహెబ్. "నాకు తెలుగు అక్షరాలు రావు. శాంతయ్య చదువుతాడు."

శాంతయ్య మొదటి బిందె అందుకుని పేరు చదివాడు. గుంపులో నుంచి ఎవరో ఆ ఇల్లు ఎవరిదో చెప్పారు. కూలివాళ్లే. రెండోది, మూడోది కూడా అంతే. తహశీల్దారు తల ఊపుతున్నాడు. తాను అనుకున్నదే నిజమన్నట్టు ఉంది ఆ ఊపు. నాలుగో బిందె చేతికి వచ్చింది. దాని మీద నాగలక్ష్మమ్మ పేరు ఉంది. శాంతయ్య తలెత్తితే ఎదురుగా ఆడవాళ్ల నడుమ ఆమె నిలబడి ఉంది. అతని చేతిలోని బిందెనే చూస్తోంది. పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవచ్చు. కానీ పదిహేనెకరాల రైతు ఇంటి బిందె అక్కడ ఉందని తెలిస్తే తప్ప తహశీల్దారు మనసు మారదని అతనికి అర్థమైంది.

పేరు చదివాడు.

"హనుమన్న ఇంటిది," అన్నారెవరో. "పదైదెకరాలోళ్లు. వాళ్లు గూడానా?"

తహశీల్దారు బిందెను తన చేతుల్లోకి తీసుకుని అక్షరాలు తానే చదువుకున్నాడు. జీపులో కూర్చునే ముందు శాంతయ్యను పిలిచి, "నీ రెండో పట్టికలో ఈ వారం లెక్క కూడా చేర్చావా? రేపు పొద్దున తెచ్చివ్వు," అన్నాడు.

జీపు పోయాక నాగలక్ష్మమ్మ అతని ముందుకు వచ్చింది. అరవలేదు, ఏడవలేదు.

"చెప్పనంటివి."

"అంటినమ్మా."

"నీ కాగితం గెలిచేదానికి నా పేరు కావాల్సి వచ్చెనా?"

ఆమె చెంగు భుజాల నిండా కప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సైకిలు మీద వస్తూ తాను చేసింది మంచో చెడో తేల్చుకోలేకపోయాడు. అవసరమని చేశాడు. మాట తప్పడం కూడా చేశాడు. రెండూ నిజమే.

పైనుంచి మంజూరు రావడానికి ఐదు వారాలు పట్టింది. చింతమానుదొడ్డి బాటకు కంకర కొట్టే పని తెరిచారు. మగవాళ్లకు పదణాలు, ఆడవాళ్లకు ఆరణాలు, వారం వారం చేతికి. మొదటి కూలి అందిన మంగళవారం శెట్టి పదమూడు మూటలు అమ్మాడు. ఇంకా అడిగేవాళ్లు ఉన్నా మూటలు చాలలేదు. ఆ మరుసటి వారానికి జొన్నలు పడి పదణాలైంది. శాంతయ్య ఫారంలో ఆ ధరే రాశాడు. గోడ మీది గీత మొదటిసారి నిలువుగా లేచింది.

పది దినాలకు జిల్లా నుంచి తాఖీదు వచ్చింది. ఆరు నెలలు నిలకడగా ఉన్న ధర కరువు పనులు తెరిచిన వెంటనే ఎందుకు పెరిగింది? తాలూకాలో పరిస్థితి మరింత దిగజారిందా? అలాగైతే ఖర్చు చేసిన సొమ్ము ఏమైనట్టు? వెంటనే సంజాయిషీ ఇవ్వాలి.

తహశీల్దారు ఆ కాగితాన్ని శాంతయ్య వైపు తోశాడు. "నువ్వే రాయి."

శాంతయ్య మధ్యాహ్నమంతా కూర్చుని ఒక పేజీ రాశాడు. ధర నిలకడగా ఉన్న ఆరు నెలల్లో జనం గింజలు కొనలేదు, ఇప్పుడు కూలి చేతిలో పడి కొంటున్నారు, కొనేవాళ్లు రావడంతో ధర కొంత పెరిగింది. ఎద్దుల ధర నూటనలభైకి లేచింది. ఈ రెండు వారాల్లో ఇత్తడి సామాను సంతకు రాలేదు. చింతగింజల కుప్ప అలాగే మిగిలిపోతోంది. కాబట్టి ఈ తాలూకాలో జొన్నల ధర పెరగడాన్ని జనం తింటున్నారనడానికి గుర్తుగా తీసుకోవాలి, అయితే సరుకు త్వరగా తెప్పించకపోతే ఇదే ధర రేపు వాళ్లకు అందకుండా పోతుంది. తహశీల్దారు రెండుసార్లు చదివి, "గుర్తుగా తీసుకోవాలి" అన్నచోట "తీసుకోవచ్చునని మనవి" అని దిద్ది సంతకం పెట్టాడు.

ఖాసిం సాహెబ్ మాత్రం ఆ నెలలోనే ఊరు విడిచాడు. పూత పూయడానికి ఊళ్లలో గిన్నెలు లేవు. ఉన్న ఇత్తడిని వ్యాపారి ఇంకో మనిషి చేత కొట్టించుకుని పట్టుకుపోయాడు. "కర్నూల్లో ఓటళ్ల కాడ పెద్ద గంగాళాలు ఉంటాయంట. పోయి చూస్తా," అని శాంతయ్యతో చెప్పి, తిత్తి భుజానికి వేసుకుని బస్సెక్కాడు. కరువు పనుల్లో కళాయివాడికి పని లేదు. రాయి కొట్టే ఒడుపు ఆ వయసులో రాలేదు.

ఒకనాడు శాంతయ్య కూలి దినాలు సరిచూడటానికి కంకర పని దగ్గరికి పోయాడు. ఆడవాళ్లు బాట పొడుగునా కుప్పల ముందు కూర్చుని రాళ్లు కొడుతున్నారు. నాగలక్ష్మమ్మ కూడా ఉంది. ఎడమచేతి వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుంది. అతన్ని చూసి సుత్తి పక్కన పెట్టింది. పలకరిస్తుందని శాంతయ్య అనుకోలేదు.

"ఏమప్పా, కాగితాలు ఇంకా రాస్తాండావా?"

"రాస్తాండా అమ్మా."

"నాకు ఆరణాలు వస్తాయి. పొద్దుకు పడి జొన్నలు గూడా రావు. దాంట్లో నేను తిని మా అత్తకు పెట్టాల. ఆమె రాయి కొట్టలేదు, ఆమెకు కూలి లేదు. ఈ పనిలో కూడు దొరికేది చెయ్యి ఆడేటోళ్లకే. చెయ్యి ఆడనోళ్లను యాడ రాసినావు?"

"రాయలేదు."

"మా వీధిలోనే ఐదుగురు ఉండారు. లెక్క రాసుకో."

ఆమె కొంచెం జరిగి రాయి మీద చోటు చూపించింది. శాంతయ్య కూర్చుని పెన్సిలు తీశాడు. ఆమె ఒక్కో ఇల్లు చెబుతూ పోయింది. ముసలివాళ్లు, కండ్లు కనపడనివాళ్లు, పసిబిడ్డ తల్లులు. అటుపక్కన కూర్చున్నవాళ్లు కూడా సుత్తులు ఆపి తమ ఇండ్లవాళ్లను చెప్పారు. పొద్దు వాలేసరికి ఆ ఒక్క ఊర్లోనే నలభై మూడు పేర్లు తేలాయి.

ఈసారి అది ఎన్నో నంబరు గడి అని తహశీల్దారు అడగలేదు. పని చేయలేనివాళ్లకు గంజి కేంద్రం కావాలని ఆ జాబితా జతచేసి రాశాడు. మళ్లీ తాఖీదులు, మళ్లీ సంజాయిషీలు. బడి ముందర పొయ్యిలు తవ్వి గంజి కాచేసరికి మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చింది. అప్పటికి జాబితాలోని నలభై ముగ్గురిలో ముప్పై తొమ్మిది మందే ఉన్నారు. పోయిన నలుగురి పేర్లను శాంతయ్య కొట్టివేయలేదు. ఎదురుగా తేదీలు రాసి, కాగితాన్ని అలాగే ఫైలులో పెట్టాడు. పైవాళ్లు ఎప్పుడైనా తిప్పి చూస్తే కనపడాలని.

మొదటి దినం నాగలక్ష్మమ్మ తన అత్తను నడిపించుకుని వచ్చి వరసలో కూర్చోబెట్టి, తాను పనికి పోయింది. ముసలామె రెండు ముంతలు తాగింది. మూడోది పట్టుకుని, పక్కన నిలబడ్డ శాంతయ్యను ఎవరనుకుందో ఏమో, "ఉప్పు చాల్లేదురా అబ్బీ," అంది. శాంతయ్య పోయి వంటవాడితో ఆ మాట చెప్పాడు.